షామియానా కారు

శంషాబాద్ పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసే జ్ఞానదాసుకు ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. షాద్‌నగర్‌లో వడ్ల వ్యాపారి ఒకాయన దాన్ని మొదట తాను తిరగడానికి వాడి, తర్వాత బస్తాలు మోయడానికి వాడి, చివరికి కోళ్లు పొదగడానికి వదిలేస్తే, జ్ఞానదాసు బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంజను మంచిదే. తాళం తిప్పితే కాసేపు దగ్గి, ఆ తర్వాత అందుకునేది. లోపల చూస్తేనే ప్రాణం ఉసూరుమనేది. సీట్లు చిరిగి స్ప్రింగులు బయటికి వచ్చాయి. తలుపులకు లోపలివైపు వేసిన అట్టలు వానకు నాని, ఎండకు ఎండి, అప్పడాల్లా ఉబ్బాయి. పైకప్పు గుడ్డ మధ్యలో ఊడి, ఈనబోయే బర్రె పొదుగులా కిందికి వేలాడుతుండేది. వృత్తి అలాంటిది కనుక జ్ఞానదాసు కారెక్కినప్పుడల్లా ఆ గుడ్డను ఒకసారి మెల్లగా నొక్కి చూసేవాడు.

తొంభై అయిదు ఎండాకాలంలో ఆయన మరదలు సునీలకు పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిని జల్‌పల్లిలోని ఇంటి నుంచి చర్చికి తన కారులోనే తీసుకుపోవాలని జ్ఞానదాసు ఆశ. ఆ మాట మామగారి చెవిన వేశాడు.

మామ ప్రేమ్ రాజ్ ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరైన మనిషి. ఏళ్ల తరబడి బస్టాండు మైకు ముందు కూర్చున్నాడు కాబట్టి ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినబడేది.

"నా బిడ్డ కోళ్ల గంపల పోదు," అన్నాడాయన. "నీ కార్ల కూసోని లేస్తె మనిషి ఒక దిక్కు, ప్యాంటు ఒక దిక్కు."

జ్ఞానదాసు ఆరాంఘర్ దగ్గర సీట్లు కుట్టే దుకాణానికి పోయి అడిగాడు. వాళ్లు చెప్పిన ధర విని, మంచినీళ్లు అడిగి తాగి, ఇంటికి వచ్చేశాడు.

"ఇంట్లనే చేద్దాం," అన్నాడు భార్య యేసమ్మతో. "బర్రె కడుపుల చెయ్యి పెట్టి అడ్డం తిరిగిన దూడను గుంజెటోన్ని. కారు కడుపుల గుడ్డ ఏసుడు నాతోని కాదా?"

యేసమ్మ జవాబు చెప్పలేదు. ఆమె మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు, తర్వాత మాట్లాడుతుందని.

ఈ పనికి తోడు వచ్చినవాడు మంఖాల్ రైతు కుర్మయ్య. ఒకప్పుడు అతని బర్రె ప్రాణం జ్ఞానదాసు కాపాడాడు. ఆ కృతజ్ఞత కొద్దీ కుర్మయ్య అప్పటినుంచి జ్ఞానదాసుకు ప్రతి విషయంలోనూ సలహాలు ఇస్తూ వచ్చాడు. అతనికి తెలియని పని లేదు. చేసి చూసిన పనులు మాత్రం తక్కువ.

సీట్ల ఫోం కాటేదాన్‌లో దొరికింది. పరుపులు చేసే ఒక కార్ఖానాలో మిగిలిన ముక్కలన్నిటినీ కలిపి నొక్కి ఒక దిమ్మగా చేసి, అది మరీ గట్టిగా వచ్చిందని మూలకు పడేశారు. పోనీ తీసుకుపొమ్మన్నారు. కుర్మయ్య దాన్ని ట్రాక్టరులో తెచ్చి జ్ఞానదాసు వాకిట్లో దించాడు. ఎరుపు, నీలం, పసుపు మచ్చలతో అది వాకిట్లో పడుకున్న ఏదో జంతువులా ఉంది.

దాన్ని సీటు మందానికి కోయాలని చూశారు. కొడవలి పెడితే కొడవలి అందులో ఇరుక్కుంది. రంపం పెడితే రంపం ఇరుక్కుంది. గిట్టలు చెక్కే కత్తి దవాఖాన నుంచి తెస్తే అది లోపలికి పోయి మళ్లీ కనబడలేదు. చివరికి ఎలాగో పొడుగు, వెడల్పు సరిచేశారు గానీ మందం తగ్గించడం వాళ్లవల్ల కాలేదు.

"కొయ్యకు దాసన్నా," అన్నాడు కుర్మయ్య చెమట తుడుచుకుంటూ. "మందమున్నదానికే ఇలువ. పల్చటి పరుపు మీద ఎవడన్న పంటడా?"

"లేవంగనే నెత్తికి తాకదా?"

"మనిషి కూసుంటె కుంగుతది. కుంగకపోతె అదేం ఫోం?"

పంక్చరు దుకాణం నుంచి తెచ్చిన సొల్యూషన్ డబ్బాలు మొత్తం పోసి ఆ ఫోంను సీటు చట్రాలకు అంటించారు. అంటుకోవడానికి బరువు పెట్టాలని కుర్మయ్య దాని మీద కూర్చుని బీడీ తాగాడు. బీడీ అయ్యాక లేవబోతే లుంగీ రాలేదు. ఎంత గుంజినా రాలేదు. యేసమ్మ లోపలికి పోయి, కిటికీలోంచి భర్త లుంగీ ఒకటి బయటికి విసిరింది. కుర్మయ్య లుంగీ ఇంకా ఆ సీటు కవరు కిందనే ఉంది.

పైకప్పుకు గుడ్డ టెంట్‌హౌస్ దశరథం దగ్గర దొరికింది. ఎలుకలు కొట్టిన పాత షామియానా ఒకటి అతని కొట్టులో మూలకు పడి ఉంది. ఎరుపు, పసుపు, పచ్చ పట్టీలు, చుట్టూ వేలాడే కుచ్చుల ఝాలరు. పక్కింటి రుక్మిణమ్మ మిషను మీద దాన్ని కారు కొలతకు కుట్టింది. ఎండ దిగకుండా గుడ్డకూ రేకుకూ మధ్య ఒక బొంత పెట్టమన్నది ఆమే. బొంత జారకుండా వెదురు బద్దలు అడ్డం కొట్టమన్నవాడు కుర్మయ్య. ఝాలరు కత్తిరిద్దామని జ్ఞానదాసు అంటే రుక్మిణమ్మ ఒప్పుకోలేదు.

"ఝాలరు తీస్తె ఇంకేముంటది తమ్మీ? గుడ్డ పేలికే గద."

అట్లా సీటు పెరిగింది, పైకప్పు దిగింది. ఈ రెండింటి మధ్య మనిషి కూర్చోవాలన్న సంగతి మళ్లీ ఎవరికీ గుర్తు రాలేదు. ఎందుకంటే పని జరిగినన్నాళ్లూ వాళ్లు బయట నిలబడి చేశారు, లేదా లోపల వెల్లకిలా పడుకుని చేశారు.

పని ముగిసిన మర్నాడు పొద్దున నలుగురూ స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకుని మొదటి తిరుగుడుకు బయల్దేరారు. ముందు జ్ఞానదాసు, పక్కన కుర్మయ్య. వెనక యేసమ్మ, రుక్మిణమ్మ. అందరూ ఎక్కి కూర్చున్నారు.

"ఏమయ్యా," అన్నది యేసమ్మ. "నా తలకాయ ఏడ పెట్టుకోవాలె?"

"జర వంచు. ఫోం కొత్తది గద. కుంగుతది."

"నీది?"

"నేను గూడ వంచిన."

నిజంగానే అందరూ వంచారు. గడ్డం ఎదకు ఆనుకుని, మెడ వెనక షామియానా తగులుతూ, నలుగురూ తమ తమ ఒళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. జ్ఞానదాసు కళ్లు పైకి మిటకరించి చూస్తే కారు ముక్కు, దాని ముందు కొంచెం రోడ్డు కనబడ్డాయి. కుర్మయ్యకు మనుషుల కాళ్లు మోకాళ్ల దాకా కనబడుతున్నాయి కాబట్టి అతను దారి చెబుతూ వచ్చాడు.

బెంగళూరు రోడ్డు మీదికి రాగానే ఒక వింత జరిగింది. చాయ్ హోటలు బెంచీల మీద ఉన్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఎదురుగా వస్తున్న లారీ పక్కకు తప్పుకుని ఆగింది. సైకిళ్ల మీద పోయేవాళ్లు దిగారు. చౌరస్తాలో పోలీసాయన రెండు వైపులా బండ్లు ఆపి వీళ్లను ముందు పోనిచ్చాడు.

"అందరి కాళ్లు ఆగినయ్ దాసన్నా," అన్నాడు కుర్మయ్య.

"ఎందుకు?"

"కారు చూస్తున్నరు. చూడరా మరి?"

జ్ఞానదాసు గుండె పొంగింది. కొత్త కార్లకు కూడా ఇంత మర్యాద జరగడం ఆయన చూడలేదు. కూరగాయల సంత దగ్గర నెమ్మదిగా పోతుంటే పూలమ్మే ఒకామె ముందుకు వచ్చి బంతిపూల దండ ఒకటి కారు ముక్కు మీద వేసి, కళ్లు తుడుచుకుంటూ వెనక్కి పోయింది. బండికి పూలు వేయడం తమ ఇంటి పద్ధతి కాకపోయినా, వేసినామె మనసు నొప్పించడం ఎందుకని జ్ఞానదాసు దండను అలాగే ఉంచాడు. యేసమ్మ మాత్రం వెనకనుంచి అన్నది:

"ఏడ్చుడెందుకు?"

"సంతోషం," అన్నాడు కుర్మయ్య.

ఇంటికి వచ్చి, మెడలు పిసుక్కుంటూ దిగేసరికి రాజయ్య ఎదురుచూస్తున్నాడు. రాజయ్యకు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూతు ఉంది. మెల్లగా వచ్చి జ్ఞానదాసు భుజం మీద చెయ్యి వేశాడు. షామియానా కట్టుకుని, తలలు వంచుకుని పోతున్న కుటుంబాన్ని చూసి అతను అనుకున్నది ఒక్కటే. జ్ఞానదాసు మనసులో ఉన్నదీ ఒక్కటే. అవి రెండూ ఒకటి కావు.

"ఎప్పుడైంది అన్నా?" అని అడిగాడు రాజయ్య.

"నిన్న పొద్దుమీకి అయిపోయింది."

"మస్తు కష్టమైందా?"

"ఏం చెప్పాలె రాజయ్యా. ఎంత కోసినా కత్తి దిగలె. చివరికి వదిలేసినం."

రాజయ్య కళ్లు మూసుకున్నాడు. ఆపరేషను ఎక్కడ చేశారో అడగబుద్ధి కాలేదు.

"ఎవరికి... పెద్దాయనకేనా? మీ మామకా?"

"ఆయన కోసమే గద ఇదంతా. ఇయ్యాల పగటీలి జల్‌పల్లి తీస్కపోతున్నం."

రాజయ్య తల ఊపి, తిన్నగా బూతుకు పోయి, ప్రేమ్ రాజ్ ఇంటి పక్కనున్న కిరాణా దుకాణానికి ఫోను చేశాడు. ప్రేమ్ రాజ్ నిన్న సాయంత్రం తన దగ్గరే బెల్లం కొన్నాడని ఆ దుకాణదారు అన్నాడు. తర్వాతే అయ్యుంటుంది, శవాన్ని శంషాబాద్ నుంచి తెస్తున్నారు, నేను కళ్లారా కారు చూశాను అన్నాడు రాజయ్య. ఫోనులో చెప్పిన మాటకు ఉన్న బరువు బెల్లం కొన్న మనిషికి ఎక్కడుంటుంది? దుకాణదారు షట్టరు సగం దించి వీధిలోకి పోయాడు.

ఆ సమయానికి ప్రేమ్ రాజ్ అన్నం తిని, మొహం మీద కండువా కప్పుకుని మంచం మీద నిద్రపోతున్నాడు. సునీల చర్చిలో పాటల సాధనకు పోయింది. తలుపు తీసే ఉంది. కాబట్టి మొదట వచ్చినవాళ్లు, శవం అప్పుడే వచ్చేసిందనుకుని, అనుమానపడలేదు. ఆడవాళ్లు ఏడుపు అందుకున్నారు. ప్రేమ్ రాజ్ కండువా తీసి లేచి కూర్చున్నాడు. ముందున్న ఒక ముసలామె ఏడుపు ఆపలేక, ఏడవలేక వెక్కిళ్లు పెట్టింది.

"ఎవరు పోయిన్రు?" అన్నాడు ప్రేమ్ రాజ్, వీధంతా వినబడేలా.

"మీరే," అన్నాడు దుకాణదారు. "ఫోన్ వచ్చింది."

"నేను ఈడ కూసుంటి గద."

"అది చూస్తున్నం. కాని ఫోన్ల గట్ల చెప్పిన్రు మరి."

అప్పటికే వాకిలి నిండింది. పాస్టరు బైబిలుతో వచ్చాడు. సునీలను చేసుకోబోయే కరుణ్ వచ్చాడు. ఆ అబ్బాయి ఎంత పొడుగంటే తలుపులోంచి దూరేటప్పుడు ముందు తల వచ్చి, కాసేపటికి మిగతా మనిషి వచ్చేవాడు. పెళ్లి వాయిదా వేయాలా అని కొందరు, సమాధి ఎక్కడ తవ్వాలి అని కొందరు మాట్లాడుకుంటున్నారు. బతికే ఉన్నాడని తెలిసినా ఎవరూ కదలలేదు. అంత దూరం వచ్చి ఊరికే ఎలా పోతారు?

ప్రేమ్ రాజ్‌కు జనాన్ని చూస్తే పాత ఉద్యోగం గుర్తొచ్చింది. మేకుకున్న ఆర్టీసీ టోపీ పెట్టుకుని, ఆడవాళ్లను ఒక వరుసలో, మగవాళ్లను ఒక వరుసలో కూర్చోబెట్టాడు. దండలు తెచ్చినవాళ్లను ముందుకు పిలిచాడు. తర్వాత పాస్టరు వైపు తిరిగాడు.

"అయ్యా, ఏదో రాసుకొచ్చినట్టున్నరు. వచ్చిన్రు గద, చదువుండ్రి."

పాస్టరు మొహమాటపడి చదివాడు. ప్రేమ్ రాజ్ కళ్లు మూసుకుని విన్నాడు. సంఘానికి ఆయన చేసిన సేవ అన్నచోట తల ఊపాడు. మృదుభాషి అన్నచోట చెయ్యెత్తి ఆపాడు.

"అది కొట్టెయ్యుండ్రి. ఎవ్వరు నమ్మరు."

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కారు కనబడింది. ముక్కు మీద బంతిపూల దండ, కిటికీల చుట్టూ ఝాలరు, లోపల వంచిన తలలు. వాకిట్లో గుసగుసలు ఆగిపోయాయి. అందరూ లేచారు. ప్రేమ్ రాజ్ కూడా లేచి, తలమీది టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కారు ఇంటి ముందు ఆగేదాకా ఆయనకు తన సంగతి తనకే నమ్మకంగా లేదు.

జ్ఞానదాసు దిగి జనాన్ని చూశాడు. తన కారు చూడడానికి ఇంతమంది వస్తారని ఆయన అనుకోలేదు.

"ఎట్లుంది మామా?" అన్నాడు.

ప్రేమ్ రాజ్ ఆ తర్వాత అన్న మాటలు పాస్టరు ఉన్నారని కూడా చూడకుండా అన్నవి. షామియానా అంటే ఏమిటో, దాన్ని ఎక్కడ కడతారో, ఎవరి ఇంటి ముందు కడతారో అన్నీ చెప్పాడు. చావు కారులో తన బిడ్డను పంపనన్నాడు. జ్ఞానదాసు తల దించుకుని విన్నాడు. పొద్దుటినుంచి వంచి వంచి అది ఇంక పైకి లేవడం లేదు కూడా. యేసమ్మ అంతవరకు దాచుకున్న మాటలన్నీ అప్పుడే అనేసింది. కుర్మయ్య మాత్రం, ఫోం కుంగడానికి ఇంకా టైముందని అన్నాడు.

ఈ గోల మధ్యలోకి సునీల పాటల పుస్తకం పట్టుకుని వచ్చింది. సునీల బాగా పొట్టి. బడిలో ఎప్పుడూ ముందు వరుస, ఫోటోల్లో ఎప్పుడూ స్టూలు. జనాన్ని తోసుకుంటూ వచ్చి, ఏం జరిగిందని అడక్కుండా కారు తలుపు తెరిచి వెనక సీటులో కూర్చుంది.

నిటారుగా కూర్చుంది. తలకూ షామియానాకూ మధ్య మల్లెపూల దండ పట్టేంత చోటు ఉంది. వీపు వెనక ఫోం గట్టిగా ఆనింది. ఝాలరు ఆమె మొహం చుట్టూ ఊగింది. బయట నిలబడ్డవాళ్లకు ఆమె పల్లకిలో కూర్చున్నట్టు కనబడింది.

"బావా, మస్తున్నది," అన్నది సునీల. "అక్కా, నువ్వు ఎక్కు. కరుణ్‌ను గూడ ఎక్కమను."

ఇద్దరూ ఎక్కారు. యేసమ్మ తల వంచింది. కరుణ్ తల వంచి, భుజాలు వంచి, నడుము కూడా వంచాడు. ఇద్దరి మధ్యా సునీల ఒక్కతే తలెత్తుకుని ఉంది.

"ఇన్నేండ్ల సంది మీ మొహాలు చూసుకుంట మాట్లాడితె నాకు మెడ నొచ్చేది," అన్నది. "ఇగ మీకు నొయ్యనియ్యుండ్రి. బాపూ, నేను దీంట్లనే పోత."

ప్రేమ్ రాజ్ చాలాసేపు కారు వైపు చూశాడు. టోపీ మళ్లీ పెట్టుకుని, "పోనీ," అన్నాడు. ఆ మాట ఎదురింటికి కూడా వినబడలేదు.

పెళ్లిరోజు సునీల తెల్లచీర, తెల్లముసుగుతో ఆ కారులోనే పోయింది. పక్కన తండ్రి తలవంచుకుని, ముందు బావ తలవంచుకుని. దారిపొడుగునా జనం లేచి నిలబడ్డారు. ముందు నడుస్తున్న బ్యాండువాళ్లు ఒకసారి వెనక్కి తిరిగి ఆ తలలు చూసి, ఎందుకో తెలియకుండానే పాట నెమ్మది చేశారు. డోలు కూడా బరువుగా పడింది. సునీల కిటికీలోంచి మొహం బయటికి పెట్టింది.

"అన్నా, నేను పెండ్లికూతుర్ని. జర హుషారు కొట్టుండ్రి."

వాళ్లు హుషారుగా కొట్టారు. లేచి నిలబడ్డవాళ్లు ఏం చేయాలో తోచక కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు మళ్లీ కూర్చున్నారు. తిరుగు ప్రయాణంలో పెళ్లికొడుకు చోటు సరిపోక తల పక్కకు ఒరిగించి సునీల భుజం మీద పెట్టాడు. అది చూసిన ఆడవాళ్లు వాళ్లిద్దరికీ ఎంత ప్రేమో అని చెప్పుకున్నారు.

పెళ్లయ్యాక ఫోం కోసేద్దామని జ్ఞానదాసు కాటేదాన్ కార్ఖానా నుంచి పెద్ద రంపం అరువు తెచ్చాడు. రంపం పట్టుకుని కారు దగ్గరికి పోతే వెనక సీటులో ప్రేమ్ రాజ్ కూర్చుని ఉన్నాడు. జల్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట.

"దిగుండ్రి మామా. ఫోం కోస్త."

"కోద్దువు తియ్. బస్టాండు దాక ఒక చక్కరు కొట్టొద్దాం పా."

పోయారు. చాయ్ హోటలు లేచింది. లారీలు ఆగాయి. ప్రేమ్ రాజ్ గడ్డం ఎదకు ఆనించి, కళ్లు మిటకరించి, లేచిన కాళ్లను ఒక్కొక్కటే చూశాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్ని బస్సుల పేర్లు పిలిచినా తనకోసం లేచినవాడు లేడని, బస్సు కోసమే లేచేవారని ఆయన అల్లుడితో అన్నాడు. జ్ఞానదాసు హారన్ కొట్టాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన కాగానే ప్రేమ్ రాజ్ వచ్చి కూర్చునేవాడు. రంపం పందిట్లో తుప్పు పట్టింది. జ్ఞానదాసు మెడ అలాగే ఉండిపోతే, దవాఖాన డాక్టరు ఆయన వినయం చూసి మిగతావాళ్లకు బుద్ధి చెప్పాడు.

ఆషాఢంలో ఒక ఆదివారం మామా అల్లుళ్లు కాటేదాన్ దాటి వస్తుండగా వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. వడ్ల వ్యాపారి బస్తాలు మోసిన రోజుల్లోనే కారు పైరేకుకు చిల్లులు పడ్డాయి, ఆ సంగతి బొంత దాచింది. బొంత నిండా నీళ్లు తాగి, ఇంక తాగలేక వదిలేసింది. షామియానా రంగులు దిగాయి. ఎరుపు ప్రేమ్ రాజ్ తెల్లజుట్టు మీద, పసుపు చెవుల మీద, పచ్చ తెల్లచొక్కా కాలరులోకి. కింద ఫోం కూడా నానింది. ముక్కలు ముక్కలుగా అతికించింది కదా, నీళ్లకు లోపలి జిగురు కరిగి, పెద్దగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసి కుంగింది. ఇద్దరూ ఒక్కసారి కిందికి దిగిపోయారు. మెడలు వాటంతటవే నిటారుగా లేచాయి.

జ్ఞానదాసుకు అద్దంలోంచి మొత్తం రోడ్డు కనబడింది. చెట్లు, కరెంటు స్తంభాలు, వాటి మీద మబ్బు. చాలారోజుల తర్వాత ఆకాశం చూసి ఆయన కారు పక్కకు ఆపాడు. వెనక్కి తిరిగితే మామ మొహం కనబడింది. జ్ఞానదాసు నవ్వు ఆపుకోవడానికి శాయశక్తులా ప్రయత్నించాడు.

వాన తగ్గాక శంషాబాద్ చేరుకున్నారు. చాయ్ హోటలు ముందునుంచి పోతుంటే ఎవరూ లేవలేదు. బెంచీ మీదివాళ్లు చూశారు, ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత ఒకడు చాయ్ గ్లాసు పక్కన పెట్టి పగలబడి నవ్వాడు. దానితో అందరూ నవ్వారు.

"ఆపు," అన్నాడు ప్రేమ్ రాజ్.

జ్ఞానదాసు ఆపాడు. ప్రేమ్ రాజ్ ఎరుపు, పసుపు, పచ్చ కార్చుకుంటూ దిగి, హోటలు వైపు నడిచాడు. బెంచీ మీద ఇద్దరు సర్దుకుని చోటిచ్చారు. ఆయన కూర్చున్నాడు.

"ఏమైంది బాపు?" అన్నాడు ఒకడు, నవ్వు ఇంకా తగ్గక.

ప్రేమ్ రాజ్ తడిసిన కండువాతో మొహం తుడుచుకుని, కండువా రంగు చూసుకుని, తానూ నవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత బస్టాండు అంతటికీ వినబడేలా రెండు చాయ్‌లు చెప్పి, కారులోనే కూర్చున్న అల్లుడిని రమ్మని చెయ్యి ఊపాడు.